బోర్డు వెలిసిపోయిన టైలర్ షాపులో 4 చొక్కాలు కుట్టించుకున్నాక నా రివ్యూ

ఈ షాపుకి నేను మొదటిసారి వెళ్ళింది కుట్టించుకోవడానికి కాదండీ, మాల్‌లో కొన్న బ్రాండెడ్ చొక్కాకి చేతులు తగ్గించుకోవడానికి. 2,799 రూపాయల చొక్కా, లేత నీలం, ట్రయల్ రూం అద్దంలో బాగానే ఉంది, ఇంటికొచ్చి బండెక్కి హ్యాండిల్ పట్టుకుంటే కఫ్ వచ్చి అరచేతి మీద పడుతోంది, పొట్ట దగ్గరేమో గుండీల మధ్య గుడ్డ విచ్చుకుంటోంది. మార్చుకుందామంటే అప్పటికే ట్యాగ్ కత్తిరించేశా. విజయవాడ వన్‌టౌన్‌లో వస్త్రలత అనే హోల్‌సేల్ బట్టల మార్కెట్ వైపు పని మీద వెళ్ళినప్పుడు ఇక్కడ ఆల్టరేషన్ ఎవరు చేస్తారని అడిగితే ఒక లైనింగ్ గుడ్డల షాపాయన ఈ షాపు చూపించారు. కింద గుండీలు, దారాలు అమ్మే కొట్టు, పక్కన ఇనప మెట్లు, ఎక్కితే పైన చిన్న గది. బోర్డు ఉంది గానీ ఎండకి వెలిసిపోయి టైలర్స్ అన్న మాటొక్కటే కనపడుతోంది.

షాపు పేరు రాయట్లేదు, మాస్టారే వద్దన్నారు. ఆయనా ఇద్దరు వర్కర్లూ, అంతే, ఉన్న పనికే టైం చాలట్లేదు, కొత్తవాళ్ళు వచ్చిపడితే పాతవాళ్ళకి మాట పోతుంది అన్నారు. పేరు లేకుండా రివ్యూ ఎందుకు అంటారేమో. మీ ఊళ్ళో కూడా ఇలాంటి మాస్టారు ఒకరు ఏదో సందులో ఉండే ఉంటారు, ఆయన దగ్గరికి వెళ్తే ఏం చూసుకోవాలో ఏం అడగాలో తెలుస్తుందని రాస్తున్నా. ఇంకో కారణం కూడా ఉంది, అది మా మేనల్లుడి సంగతి, కింద చెప్తాను.

మాస్టారికి అరవై దాటి ఉంటాయి. చొక్కా తీసుకుని ముందు లోపలి వైపు తిప్పారు. రెడీమేడ్‌లు వచ్చాకే కదా వీళ్ళ పని తగ్గిపోయింది, ఇప్పుడు ఈ చొక్కాని తిడతారు చూడు అనుకున్నా. తిట్టలేదు. "కుట్టు బాగుంది బాబూ, కాలర్ ఇలా నిలబడాలంటే పెద్ద ప్రెస్ మిషను కావాలి, అది మా దగ్గర లేదు" అన్నారు. అంగుళానికి ఎన్ని కుట్లు పడ్డాయో గోరు పెట్టి చూపించారు. తర్వాత నన్ను తొడుక్కోమని వెనక నుంచి చూసి "కుడి భుజం దిగి ఉంది మీకు, బ్యాగు ఆ వైపే వేస్తారా?" అని అడిగారు. నేను మెడికల్ రెప్‌ని. 14 ఏళ్ళుగా మందుల శాంపిల్సూ, వాటి గురించి డాక్టర్లకి చూపించే కాగితాలూ నింపిన బ్యాగు కుడి భుజానికే వేసుకుని తిరుగుతున్నా. మా ఆవిడ గమనించలేదు, నేనూ గమనించలేదు, ఇన్నేళ్ళలో ఎన్ని ట్రయల్ రూముల్లో నిలబడ్డానో లెక్కలేదు, అక్కడ సేల్స్ కుర్రాళ్ళు "పర్‌ఫెక్ట్ సార్" అనేవాళ్ళు తప్ప ఈ మాట ఎవ్వరూ అనలేదు. అందుకే ఏ చొక్కా వేసినా కాలర్ కుడి వైపుకి జరిగిపోతుంది, నేనేమో అది చొక్కాలో లోపం అనుకుని ఇంకా ఖరీదైనది కొనేవాణ్ణి.

చేతులు తగ్గించడానికి 120 తీసుకున్నారు. పొట్ట దగ్గర లూజు చేయమంటే కుదరదన్నారు. కంపెనీ చొక్కాల్లో పక్క కుట్టు లోపల గుడ్డ వదలరు, కాబట్టి టైట్ చేసుకోవచ్చు గానీ లూజు చేయడానికి ఏమీ ఉండదు. నాకు ఛాతీ 40, పొట్ట 39, చేతులు పొట్టి. 40 సైజు చొక్కాలో పొట్ట పట్టదు, 42లో భుజాలు జారతాయి. ఇది నా ఒక్కడి బాధే అనుకునేవాణ్ణి, కానీ మన దేశంలో అసలు మన ఒళ్ళు కొలిచి చేసిన సైజుల పట్టిక అంటూ లేక ఇన్నాళ్ళూ అమెరికా, ఇంగ్లండ్ వాళ్ళ కొలతలే వాడుకుంటూ వచ్చాం. నిఫ్ట్, అంటే ఫ్యాషన్ చదువులు చెప్పే కేంద్ర ప్రభుత్వ సంస్థ వాళ్ళు, ఇండియాసైజ్ అని ఒక సర్వే పెట్టుకున్నారు, హైదరాబాద్‌తో కలిపి 6 నగరాల్లో 25,000 మందికి పైగా మనుషుల్ని త్రీడీ స్కానర్లతో కొలవాలని. అంటే మనకి ఎస్, ఎం, ఎల్ అని రాసిపెట్టి అమ్ముతున్నవి ఎవరి ఒంటికో కుదిరినవి, మనం మాత్రం నేను లావయ్యాను, నాకే చేతులు పొట్టి అని మనల్ని మనం తిట్టుకుంటూ ఉన్నాం.

బ్రాండ్ పిచ్చి నాకు ఉద్యోగంతోనే వచ్చింది. డిగ్రీ అయ్యాక రెప్‌గా చేరినప్పుడు నా దగ్గర ఉన్నవన్నీ మా ఊరి టైలర్ కుట్టినవే. మొదటి నెల్లోనే మేనేజర్ పక్కకి పిలిచి, డాక్టర్ నీ మాట వినేది ఒక్క నిమిషం, ఆ నిమిషంలో ముందు చూసేది నీ చొక్కా, మంచి కంపెనీవి రెండు కొనుక్కో అన్నాడు. ఆయన నా మంచికే చెప్పాడు, తప్పు పట్టను. కానీ ఆ మాట నాలో దిగబడిపోయింది. మొదటి జీతంలో సగం పెట్టి రెండు చొక్కాలు కొన్నా. ఆ తర్వాత సేల్ ఎప్పుడొస్తుందా అని కాచుకుని కూర్చోవడం, బై టూ గెట్ టూ అంటే అవసరం లేకపోయినా నాలుగు తెచ్చుకోవడం, క్లినిక్ బయట బెంచీ మీద పక్క కంపెనీ రెప్‌ల జేబు మీద ఉన్న చిన్న గుర్తు చూసి వాళ్ళ స్థాయి లెక్కేసుకోవడం. వాళ్ళూ నన్ను అలాగే చూసేవాళ్ళు. పేషెంట్లు దగ్గుతూ కూర్చున్న చోట మేం పది మందిమి ఒకళ్ళ చొక్కాలు ఒకళ్ళం చదువుకుంటూ కూర్చునేవాళ్ళం.

మాస్టారి దగ్గర కూర్చున్నప్పుడు ఆ పేర్ల గురించి మాటలొచ్చాయి. నేను ఇన్నేళ్ళూ లూయీ ఫిలిప్ అంటే ఫ్రాన్స్ కంపెనీ అనుకున్నా. పేరు ఫ్రాన్స్ రాజుదే, కానీ 1989లో ఆ బ్రాండ్ పెట్టింది మన దగ్గరే, మదురా గార్మెంట్స్ అనే బట్టల కంపెనీ వాళ్ళు. వాన్ హ్యూసెన్, అలెన్ సోలీ, పీటర్ ఇంగ్లండ్ కూడా ఇక్కడ అమ్మింది వాళ్ళే, 1999లో ఆ వ్యాపారాన్ని ఆదిత్య బిర్లా గ్రూపు కొనుక్కుంది. మోంటే కార్లో అంటే యూరప్‌లో సముద్రం ఒడ్డున ఉన్న ఊరు, స్వెట్టర్లు మాత్రం లుధియానావి. ఫ్లయింగ్ మెషీన్ జీన్సు అహ్మదాబాద్ అరవింద్ మిల్స్ వాళ్ళది, 1980 నుంచీ ఉంది. ఆడవాళ్ళ సామాన్లలో లాక్మే ఉంది కదా, 1952లో టాటా వాళ్ళు మొదలుపెట్టారు, ఆ పేరు మన లక్ష్మీదేవి పేరే, ఫ్రెంచి వాళ్ళు పలికే తీరు. ఇవన్నీ మంచి సరుకు చేసే కంపెనీలే, పేరు ఎలా పెట్టుకోవాలో వాళ్ళిష్టం. నన్ను బాధపెట్టేది మన సంగతి. లక్ష్మి అని పెడితే మనం కొనమేమో, లాక్మే అంటే కొంటాం అని 70 ఏళ్ళ కిందటే ఎవరో మనల్ని చదివేశారు, ఆ చదివింది ఇంకా తప్పు కాలేదు.

అంతెందుకు, అనకాపల్లి దగ్గర అచ్యుతాపురంలో బ్రాండిక్స్ అని శ్రీలంక వాళ్ళ బట్టల ఫ్యాక్టరీలు ఉన్నాయి, 1,000 ఎకరాల్లో, విదేశీ బ్రాండ్లకి బట్టలు అక్కడ కుడతారు, కుట్టేవాళ్ళలో ఎక్కువ మంది చుట్టుపక్కల ఊళ్ళ ఆడపిల్లలు. మాస్టారి బంధువులమ్మాయి ఒకామె అక్కడే పనిచేస్తుందంట. "మా పిల్ల కుట్టింది ఓడెక్కి వెళ్తది, అక్కడ పేరేసుకుంటది" అన్నారు. ఎంత గర్వంగా చెప్పారో ఆ మాట.

ఇప్పుడు మా మేనల్లుడి సంగతి. అక్క కొడుకు, ఇంజినీరింగ్ అయిపోయి పోయినేడాది హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగంలో చేరాడు. మా బావకి నూజివీడు దగ్గర చిన్న కిరాణా కొట్టు. వాడు బయల్దేరేముందు అక్కతో 9,000 షూ కావాలన్నాడంట, అంతొద్దు నాన్నా అంటే సర్లే అని ఊరుకున్నాడు. అక్కడికి వెళ్ళాక రోడ్డు పక్కన అమ్మే ఫస్ట్ కాపీ, అంటే పెద్ద బ్రాండ్ లోగోతో అచ్చం అలాగే చేసిన నకిలీ షూ, కొన్నాడు, 1,400కి. రెండు నెలలకి సోలు ముందు భాగం నోరు తెరిచింది. దానికి కూడా వాడు బాధపడలేదు, ఫెవిక్విక్ పెట్టి వేసుకున్నాడు. ఆఫీసులో లిఫ్టులో ఒకబ్బాయి కిందికి చూసి, లోగో కుట్టు తేడాగా ఉందిరా అన్నాడంట, అంతే, పక్కన నలుగురున్నారు. ఆ రాత్రి నాకు ఫోన్ చేసి "మావయ్యా, మామూలు షూ వేసుకున్నా బాగుండేది" అన్నాడు. గొంతు పూడుకుపోయింది వాడికి. ఇరవై రెండేళ్ళ పిల్లాడు, నెలకి ఇంటికి 10,000 పంపిస్తున్నాడు, ఒక బొమ్మ వంకరగా కుట్టి ఉందని వాడు అలా అయిపోవడం నాకు ఇప్పటికీ తల్చుకుంటే మింగుడు పడదు.

దొంగ లోగో పెట్టి అమ్మడం నేరమే, 1999 ట్రేడ్‌మార్కుల చట్టంలో 6 నెలల నుంచి 3 ఏళ్ళ దాకా జైలు, 50,000 నుంచి 2 లక్షల దాకా జరిమానా రాసి ఉంది. అమ్మేవాణ్ణి చట్టం చూసుకుంటుంది. కొన్న పిల్లాడికి శిక్ష లిఫ్టులోనే పడిపోయింది.

అసలు కంపెనీ గుర్తు బయటికి కనపడేలా ఛాతీ మీదకి రావడం అంత పాత సంగతి కూడా కాదు. రెనే లాకోస్త్ అనే ఫ్రెంచి టెన్నిస్ ఆటగాడు 1933లో పెట్టిన కంపెనీ మొసలి బొమ్మ కుట్టిన టీషర్టులు అమ్మింది, అలా బయటికి గుర్తు పెట్టి అమ్మిన మొదటి బట్టల్లో అవి ఉన్నాయి. మా నాన్న చొక్కాలకి కూడా లేబుల్ ఉండేది, కాలర్ లోపల, టైలర్ పేరూ ఊరి పేరూ. విప్పి దండెం మీద వేస్తే గానీ అమ్మకి కూడా కనపడేది కాదు.

సరే, షాపు సంగతికి వస్తాను. ఆ ఫోన్ వచ్చిన తర్వాతి ఆదివారం మా ఆవిణ్ణి తీసుకుని మంగళగిరి వెళ్ళి నాలుగు చొక్కాలకి గుడ్డ తెచ్చా, మూడు నాకు, ఒకటి వాడికి. మంగళగిరి కాటన్ అంటే అందరికీ నిజాం బార్డర్ చీరలే గుర్తొస్తాయి గానీ చొక్కా గుడ్డ కూడా గుంట మగ్గం మీద నేస్తారు, నేత దగ్గరగా పడుతుంది, మధ్యలో బుటాలు ఉండవు, ఎండాకాలం ఒంటికి అంటుకోదు. మీటరు 280 పడింది. ఫుల్ హ్యాండ్స్‌కి రెండున్నర మీటర్లు తీసుకున్నా. పన్నా అంటే గుడ్డ వెడల్పు. పెద్ద పన్నా, 58 అంగుళాల మిల్లు గుడ్డ అయితే మీటరున్నర పైన కొంచెం చాలు, చేనేతకి పన్నా తక్కువ కాబట్టి ఎక్కువ పడుతుంది, కొనేటప్పుడు పన్నా ఎంతో అడిగి తీసుకోండి, లేకపోతే టైలర్ దగ్గరికెళ్ళాక చేతులకి చాలదంటారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి, నేను లేబుళ్ళన్నిటికీ వ్యతిరేకం కాదు. పవర్‌లూమ్ గుడ్డని మంగళగిరి చేనేత అని అమ్మేవాళ్ళు ఉన్నారు, మామూలు కళ్ళకి తేడా తెలీదు. అందుకే ఇది చేనేతే అని చెప్పడానికి ప్రభుత్వం వాళ్ళు 2006లో హ్యాండ్‌లూమ్ మార్క్ తెచ్చారు, 2015 ఆగస్టు 7న ఇండియా హ్యాండ్‌లూమ్ బ్రాండ్ మొదలుపెట్టారు. ఆ రోజే ఎందుకంటే 1905లో కలకత్తాలో స్వదేశీ ఉద్యమం మొదలైంది అదే తేదీన. ఆ గుర్తు నేసినవాడి కూలి కాపాడటానికి పుట్టింది. నేను లిఫ్టులో ఎవరికీ చూపించుకోవడానికి కాదు, మగ్గం గుంటలో కూర్చున్న మనిషి పని వేరేవాడు ఎగరేసుకుపోకుండా ఉండటానికి. అలాంటి లేబుల్‌కి నేను పది రూపాయలు ఎక్కువైనా ఇస్తా.

గుడ్డ పట్టుకెళ్తే మాస్టారు కొలతలు తీసుకోలేదు. ముందు తడిపి ఆరబెట్టి తెమ్మన్నారు, ఒక రాత్రి నీళ్ళల్లో ఉంచి, నీడన ఆరేసి. ఇది చాలామంది టైలర్లు చెప్పరు, కుట్టేశాక మొదటి ఉతుకులో కుదించుకుపోయి అందరి మీదా కోపం వస్తుంది. రెండోసారి వెళ్ళినప్పుడు కొలతలు. టేపు మెళ్ళో వేసుకుని ఆయన చెప్తుంటే వర్కర్ కుర్రాడు బుక్కులో రాస్తున్నాడు, పొడవు, షోల్డర్, ఛాతీ, పొట్ట, సీటు, చెయ్యి, కాలర్, కఫ్. ఎడమ చెయ్యి కుడి చెయ్యి విడివిడిగా కొలిచారు. బండి మీద కూర్చున్నట్టు చేతులు ముందుకి చాపమని ఇంకోసారి కొలిచారు, ఎందుకంటే రోజుకి నేను ఎనభై కిలోమీటర్లు అలాగే కూర్చుంటా కదా. జేబు ఎంత కావాలి, పెన్నులు ఎన్ని పెడతారు, ఫోన్ జేబులో పెడతారా ప్యాంటులో పెడతారా. నా గురించి ఇన్ని ప్రశ్నలు ఈ మధ్య కాలంలో మా డాక్టర్ కూడా అడగలేదు.

కటింగ్ ఆయనే చేస్తారు, ఇంకెవరినీ ముట్టుకోనివ్వరు. కుట్టేది వర్కర్లు. కాజాలు మాత్రం పక్క సందులో కాజా మిషను షాపుకి పంపిస్తారు. కాలర్ నిలబడటానికి లోపల పాతకాలం బక్రం (గట్టి గుడ్డ) కాకుండా ఇస్త్రీ వేడికి అంటుకునే ఫ్యూజింగే వేస్తున్నారు, మీకు గట్టిగా కావాలా మెత్తగా కావాలా అని అడుగుతారు. నా కుడి భుజానికి లోపల ఒక పలచటి గుడ్డ పొర అదనంగా వేశారు, బయటికి తెలీదు. పక్క కుట్ల లోపల రెండు వైపులా ముప్పావు అంగుళం గుడ్డ వదిలారు, ఒళ్ళొస్తే విప్పుకోవచ్చు. మజూరి, అంటే కుట్టుకూలి, చొక్కాకి 450, గుండీలు కలిపే. అంటే గుడ్డ 700, మజూరి 450, మొత్తం 1,150లో నా ఒంటికి కొలిచి కుట్టిన చేనేత చొక్కా. మాల్‌లో చొక్కా 2,799, మళ్ళీ ఆల్టరేషన్ 120. 2025 సెప్టెంబర్ 22 నుంచి 2,500 లోపు బట్టలకి జీఎస్టీ 5 శాతం, పైన 18 శాతం, అంటే పెద్ద పేరు కోసం గీత దాటితే పన్ను కూడా పెద్దదే కడుతున్నాం.

ఇప్పుడు బాగోనివి. ఇచ్చిన తేదీకి ఇవ్వరు, ఇది ముందే తెలుసుకుని వెళ్ళండి. వారం అన్నారు, 16 రోజులు పట్టింది. మధ్యలో రెండుసార్లు ఫోన్ చేస్తే ఎత్తలేదు, మిషను చప్పుడులో వినపడదంట. మొదటి చొక్కా కాలర్ అర అంగుళం టైటుగా వచ్చింది, పై గుండీ పెడితే మింగడానికి కష్టంగా ఉంది. చూపించగానే ఒక్క మాట ఎదురు చెప్పలేదు, విప్పించి కొత్త కాలర్ వేయించారు, డబ్బులు తీసుకోలేదు, కానీ దానికి ఇంకో వారం. గళ్ళ చొక్కాకి జేబు మీద గళ్ళు ఒంటి గళ్ళతో సరిగ్గా కలవలేదు, దగ్గర్నుంచి చూస్తే తెలుస్తుంది. అది కంపెనీ చొక్కాల్లో చక్కగా కలుస్తుంది, అక్కడ వాళ్ళదే పైచెయ్యి. ట్రయల్ రూం అంటే మూలన ఒక పరదా, అద్దం నడుము దాకానే. కారు పెట్టుకోవడానికి చోటుండదు, బండి మీదే వెళ్ళాలి, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి ఆ ఇనప మెట్లు కష్టం. స్లిమ్ ఫిట్ కావాలంటే గట్టిగా చెప్పాలి, లేకపోతే ఆయన అలవాటు ప్రకారం నాలుగంగుళాలు లూజు పెట్టేస్తారు. సూట్లు, షేర్వానీలు కుట్టరు.

ఆ చొక్కాలు వేసుకుని డ్యూటీకి వెళ్ళడం మొదలుపెట్టి ఇప్పటికి ఐదు నెలలు. మొదటి రోజు క్లినిక్ మెట్లెక్కుతుంటే నాకు నిజంగా గుండె దడదడలాడింది, జేబు మీద ఏ గుర్తూ లేదు కదా, అందరూ అక్కడే చూస్తారని. ఎవరూ చూడలేదు. ఆ రోజే కాదు, ఈ ఐదు నెలల్లో ఒక్క డాక్టర్ కూడా ఏమీ అనలేదు, ఆర్డర్లు ఎలా వచ్చేవో అలాగే వస్తున్నాయి. తోటి రెప్ ఒకతను మాత్రం "ఏ బ్రాండ్ అన్నా?" అని అడిగాడు, కుట్టించాను అంటే కాసేపు మాట్లాడకుండా ఉండి, వాళ్ళ నాన్న కూడా టైలరే అని, అతను చదువుకునేటప్పుడు రాత్రుళ్ళు ఆ మిషను పక్కనే పడుకునేవాణ్ణని చెప్పాడు. ఆరేళ్ళుగా ఒకే బెంచీ మీద కూర్చుంటున్నాం, ఆ మాట నాకు అప్పటిదాకా తెలీదు. వాళ్ళ నాన్న ఎప్పుడో మిషను అమ్మేశారంట.

ఉతుకుల సంగతి చెప్పాలి కదా. నా మూడింటిలో ముదురు నీలం చొక్కా మొదటి మూడు ఉతుకుల్లో కొంచెం రంగు వదిలింది, విడిగా ఉతకాలి. ఇప్పటికి ఇరవై ఉతుకులు పడ్డాయి, కుట్టు ఎక్కడా ఊడలేదు, ఒక కఫ్ గుండీ వదులైతే మా ఆవిడ కుట్టింది. చేనేతకి ఇస్త్రీ పని మాత్రం ఎక్కువ, గంజి పెడితే ఉదయం నుంచి సాయంత్రం దాకా నిలబడుతుంది, పెట్టకపోతే మధ్యాహ్నానికే నలిగిపోతుంది. నలగకుండా ఉండాలంటే మిల్లు గుడ్డే కుట్టించుకోండి, మాస్టారు ఏ గుడ్డ తెచ్చినా మజూరి ఒకటే తీసుకుంటారు. నాకు ఇంకా పాత బ్రాండ్ చొక్కాలు ఏడెనిమిది ఉన్నాయి, అవీ వేసుకుంటున్నా, బాగున్నవి ఎందుకు పారేస్తాను.

మేనల్లుడికి వాడు దసరాకి వచ్చినప్పుడు కొలతలు ఇప్పించా. మొదట మొహం అంత ఆనందంగా లేదు, మావయ్య తీసుకొచ్చాడు కాబట్టి నిలబడ్డాడు. మాస్టారు వాణ్ణి చూసి "నువ్వు సన్నగా పొడుగ్గా ఉన్నావు, షాపుల్లో నీకు పొడవు సరిపోతే ఒళ్ళు జోలెలా ఉంటది కదా" అన్నారు. వాడు ఒక్కసారి తలెత్తి చూసి అవునంటే అవునని, కాలేజీ నుంచీ అదే గోల అని చెప్పడం మొదలుపెట్టాడు. కాలర్ ఎలా కావాలో, చేతులు మడిచినప్పుడు ఎక్కడ ఆగాలో ఫోన్‌లో బొమ్మలు చూపించి మరీ చెప్పాడు, ఆయన ఓపిగ్గా విన్నారు, ఒక బొమ్మ చూసి ఇది నీ మెడకి బాగోదు అని చెప్పేశారు కూడా. షూ కూడా ఆ రోజే కొన్నాం, ఏ గుర్తూ లేని నల్లటి తోలు షూ, 1,600. వాడి డబ్బులతో వాడే కొనుక్కున్నాడు.

దీపావళి తర్వాత కొరియర్‌లో పంపించా. ఆఫీసుకి వేసుకెళ్ళావా అని నేను అడగలేదు, అడిగితే నా కోసం వేసుకున్నానని చెప్తాడేమోనని. రెండు వారాల తర్వాత వాడే ఫోన్ చేసి, మా రూమ్మేట్ కొలతలు మెసేజ్ చేస్తాను, మాస్టారు కుడతారా అని అడిగాడు. మాస్టారిని అడిగితే, మెసేజ్ కొలతలు ఒప్పుకోను, మనిషి రావాలి, నిలబడాలి, నేను చూడాలి అన్నారు. సంక్రాంతికి ఇద్దరూ వస్తున్నారు. పండక్కి వేసుకోవాలంటే మాత్రం కుదరదంట, డిసెంబర్ మొదటి వారం దాటితే ఆయన కొత్త గుడ్డ తీసుకోరు, కాబట్టి పండగ చొక్కా కావాలనుకునేవాళ్ళు ఆ లోపే వెళ్ళండి. ఆదివారం మధ్యాహ్నం దాకా ఉంటారు, శుక్రవారం మధ్యాహ్నం ఉండరు. డబ్బులు నగదు గానీ ఫోన్‌పే గానీ, కార్డు లేదు.